లిబరేటర్ ఎడమ రెక్క

మాస్టారి గోళ్ళ సందుల్లో వెండిరంగు ఉంది. ఆకుపచ్చ మాత్రం లేదు.

చంద్రిక ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టింది. తలకి కట్టుతో, మూడు రోజులుగా కన్ను తెరవకుండా తెనాలి ఆసుపత్రిలో పడుకుని ఉన్న ఆ మనిషి వెంకట సుబ్బయ్య మాస్టారు. బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. రేపల్లెలో తన ఇంటి మేడగదిలో ఆదివారం ఆదివారం పిల్లల్ని పోగేసి, యుద్ధకాలం నాటి విమానాలకి చిన్న నమూనాలు కట్టించేవారు. ఆ పిల్లల్లో చంద్రిక ఒకతె. ఇప్పుడు తెనాలిలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఆమె ఎదురుపడితే నవ్వుతారు, మిగతా సగం పక్క సందులోకి తిరిగిపోతారు. అంతటి మనిషీ ఆ మంచం దగ్గర నిలబడేసరికి రెండు జడల పిల్లయిపోయింది. బొమ్మలు చేసే మెత్తటి పునికి చెక్కని చెక్కడం, పాలపొడి డబ్బా రేకుని రెక్కకి తొడగడం, డాక్టరు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముని కడిగి పైలట్ గదికి అద్దాలు చెయ్యడం, అన్నీ ఆ చేతులు నేర్పినవే.

"చేతులు తుడవలేదమ్మా ఇంకా," అంది మాస్టారి భార్య సావిత్రి. "సెలైన్ సూదులున్నాయి కదా, నర్సు ముఖం ఒక్కటే తుడిచింది."

జరిగిన సంగతి చిన్నదే. మంగళవారం, కుండపోత వాన. సావిత్రి తెనాలిలో చెల్లెలి ఇంట్లో ఉంది. మాస్టారింట్లోనే పెరిగిన తులసి చెరుకుపల్లి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. వచ్చేసరికి మాస్టారు మేడమెట్ల కింద పడి ఉన్నారు. జారి పడ్డారనుకుంటే, దెబ్బ తల వెనక ఉంది, రేకు వంచడానికి వాడే ఇనప దిమ్మ ఎవరో కడిగి పెట్టినట్టు తడిగా ఉంది. ఆ మధ్యాహ్నమంతా మాస్టారితో ఉన్నవాడు శ్రీవత్స, ఆయన పాత శిష్యుడు. అతని కారు నాలుగింటికి వీధిలోంచి వెళ్ళడం పక్కింటివాళ్ళు చూశారు. తర్వాత అరగంటకి తులసి గేటు తీయడమూ చూశారు. మధ్యలో ఇంకెవరూ రాలేదు. కాబట్టి తులసే కొట్టిందని సి.ఐ. జయకృష్ణ తేల్చేశాడు. ఈ సాయంత్రం ఆమెని మేజిస్ట్రేటు ముందు పెడతాడు.

అదే అయితే తులసి బతుకు తెల్లారినట్టే. పోయిన వారమే టీచరు ఉద్యోగానికి సెలెక్టయిందా పిల్ల. వంటమనిషి కూతుర్ని చేరదీసి, బి.ఇడి. దాకా చదివించి, ఆ ఫలితం వచ్చిన రోజు మాస్టారు వీధంతా జిలేబీ పంచారట. హత్యాయత్నం కేసులో రిమాండుకి వెళ్ళిన పిల్లకి ఉద్యోగం ఎవడిస్తాడు?

"డాక్టరుగారు ఇవాళో రేపో కళ్ళు తెరుస్తారన్నారు," అంది సావిత్రి. తులసి మీద తనకి అనుమానం లేదనీ, శ్రీవత్స మాత్రం రోజూ వచ్చి కూర్చుంటున్నాడనీ, ఆ పిల్లాడు లేకపోతే ఏమైపోయేదాన్నోననీ చెప్పింది. తలుపు దగ్గర స్టూలు మీద కానిస్టేబులొకడు అరటిపండు తింటూ తలూపాడు.

*

బాపట్లలో శ్రీవత్స స్టూడియో అద్దాల తలుపు తీయగానే చలి ముఖాన కొట్టింది. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకి అట్టతో, ప్లాస్టిక్‌తో బుల్లి బుల్లి భవంతులు చేసిచ్చే వ్యాపారం అతనిది. రాత్రీ పగలూ ఎ.సి. ఆగదు. గోడ పొడుగునా గాజు బీరువాల్లో విమానాలు వరసగా ఉన్నాయి.

"చంద్రీ," అని లేచొచ్చాడు శ్రీవత్స. జుట్టు నెరిసింది కానీ నవ్వు మారలేదు. "ఫ్లిట్ పంపు కోసం కొట్టుకున్న రోజులు గుర్తున్నాయా?"

ఎందుకు గుర్తుండవు? దోమల మందు కొట్టే ఆ చేతిపంపులో రంగు పోసి విమానాలకి కొట్టేవాళ్ళు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఆ పూటకి మహారాజులు. కింద సావిత్రి పిన్ని పెసరట్లు పోస్తున్న వాసన, పైన టర్పెంటైన్ వాసన, రేడియోలో ఆదివారం నాటకం. ఈ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలితే చాలు, చంద్రికకి ఇప్పటికీ ఎక్కడున్నదీ మరుపొస్తుంది. కొంచెం సేపు ఇద్దరూ ఆ కబుర్లే చెప్పుకున్నారు. పనిలో ఉన్నప్పుడు చంద్రిక ఎవరి దగ్గరా అంతసేపు నవ్వి ఎరుగదు.

తర్వాత మంగళవారం సంగతి అడిగింది. శ్రీవత్స తడుముకోకుండా చెప్పాడు. మాస్టారు మూడేళ్ళుగా కడుతున్న లిబరేటర్ బాంబరుకి ఎడమ రెక్క ఒక్కటే మిగిలిందట. కుడి రెక్కకి ఎండాకాలంలోనే వయసు పెట్టారు. వయసు పెట్టడమంటే మాస్టారి మాట; కొత్తగా నిగనిగలాడే నమూనాని, నాలుగేళ్ళు యుద్ధంలో తిరిగొచ్చిన విమానంలా కనబడేట్టు చెయ్యడం. ఎక్కడ మనుషులు నడిస్తే రంగు లేస్తుంది, ఎక్కడ ఇంజను పొగ మసి పడుతుంది, ఎక్కడ ఎండకి వెలుస్తుంది, అన్నీ ఆలోచించి చెయ్యాలి. ముందు వెండిరంగు వేస్తారు. దాన్ని తడిపి ఉప్పు రవ్వలు చల్లుతారు. అవి ఆరి అంటుకున్నాక పైన ఆకుపచ్చ కొడతారు. అది కూడా ఆరాక వేలితో ఉప్పు రాల్చేస్తే, కింద వెండి అక్కడక్కడా బయటపడి, రంగు పెచ్చులు లేచిన రేకులా ఉంటుంది.

"మధ్యాహ్నమంతా అదే పని. నేను కొట్టాను, ఆయన కుర్చీలో కూచుని చూశారు. నాలుగింటికి ఉప్పు రాల్చి, చూపించి బయల్దేరాను. ఎంత సంబరపడ్డారో," అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళు దొంగవి కావని చంద్రికకి అనిపించింది.

"మచ్చు రెక్క నీ దగ్గరే ఉందా?"

మాస్టారి పద్ధతి అది. ఏ విమానానికైనా ఒక రెక్క అదనంగా చెక్కేవారు. శిష్యులెవరో ఒకరు దాని మీద ముందు చెయ్యి సాధన చేస్తే గాని అసలు రెక్క ముట్టుకోనిచ్చేవారు కాదు. లిబరేటర్‌కీ ఎడమ రెక్కే మచ్చుగా చేశారనీ, పోయిన నెల శ్రీవత్స తీసుకెళ్ళాడనీ సావిత్రి చెప్పింది.

"పాడైపోయింది. పారేశాను," అన్నాడు శ్రీవత్స. తర్వాత వాచీ చూసుకుని, తెనాలి వెళ్ళి మాస్టారి దగ్గర కూర్చోవాలన్నాడు. బల్ల మీద సీసాలో ఉప్పుంది. చంద్రిక ఊరికే చేతిలోకి తీసుకుని వంచింది. ఇసకలాగా జలజలా కదిలింది.

వెళ్తూ వెళ్తూ బీరువాల వంక చూసింది. అందులో కొన్ని ఆమెకి తెలుసు. ఒకదాని తోక మీద మసి చారలు పెట్టింది తనే. ప్రతిదాని కింద ఇత్తడి రేకు మీద ఒకటే పేరు చెక్కి ఉంది: శ్రీవత్స. వచ్చే నెల హైదరాబాదులో పెద్ద ప్రదర్శన అని గోడ మీద పోస్టరు. మాస్టారి దగ్గర అరువుకి తెచ్చిన విమానాలు అక్కడికి ఎవరి పేరుతో వెళ్తున్నాయో కనుక్కోవడానికి డిటెక్టివే అక్కర్లేదు. అయినా చిన్ననాటి ఆ నవ్వు చూశాక అడగబుద్ధి కాలేదు.

*

రేపల్లెలో మాస్టారింటి దగ్గర పోలీసు జీపు ఆగి ఉంది. సన్నగా వాన పడుతూనే ఉంది. జయకృష్ణ తులసిని తీసుకొచ్చి, ఎక్కడ ఏం చేసిందో చూపించమని మెట్ల దగ్గర నిలబెట్టాడు. తులసి ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది.

"రండి మేడం గారూ," అన్నాడు జయకృష్ణ. నిరుడు పొగాకు గోడౌను కేసులో అతను పట్టుకున్నవాడిని చంద్రిక విడిపించింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. "మీ మాస్టారి కేసని ఊరుకుంటున్నా. పావుగంట టైమిస్తా. చూసుకోండి."

చంద్రిక తులసిని మెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు ఏం జరిగిందో మొదట్నించీ చెప్పమంది. పొద్దున్న మాస్టారు కేకలేసిన మాట నిజమేనని తులసి ఒప్పుకుంది. అయితే అవి తన మీద కాదు, ఫోనులో ఎవరి మీదో.

"ఆ పేరు తీసెయ్యి, లేకపోతే నేనే వచ్చి అందరి ముందూ చెబుతా అన్నారక్కా. ఎవరితోనో నాకు తెలీదు. అడిగితే, నీకెందుకే పద అన్నారు."

"తర్వాత?"

"రెక్క ఫోటో తీసి పిన్నిగారికి పంపమన్నారు. పంపించి, చెరుకుపల్లి బస్సెక్కా. సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టించుకోవాలి కదా. తిరిగొచ్చేసరికి ముసురుకి ఇల్లంతా చీకటి. పొద్దున్న బస్టాండు దగ్గర స్తంభం పడి పోయిన కరెంటు, మర్నాటి దాకా రాలేదు. ఫోను లైటేసుకుని లోపలికొస్తుంటే కాలికి తగిలారక్కా."

"ఆ ఫోటోయే ఈవిడ కొంప ముంచింది," అన్నాడు జయకృష్ణ. "పొద్దున్న ఫోటోలో ఎడమ రెక్క ఉత్త వెండిరంగు. సాయంత్రం మేము వచ్చేసరికి పూర్తయిపోయి ఉంది. అంటే మధ్యాహ్నమంతా ఇక్కడ పని జరిగింది. శ్రీవత్స గారు చెప్పింది అక్షరాలా నిజం. గొడవ పడ్డవాళ్ళు కలిసి కూచుని విమానాలకి రంగులేసుకోరండీ. ఆయన వెళ్ళేటప్పటికి మాస్టారు బాగున్నారు. తర్వాత వచ్చింది ఈవిడ ఒక్కతే. ఈ ఇల్లు ఈవిడ పేర రాస్తానని ఆయన అన్నట్టు కూడా సాక్ష్యముంది."

చంద్రిక మేడ ఎక్కింది.

గది మారలేదు. అదే పొడుగాటి బల్ల, అదే ఉత్తరపు కిటికీ. ఆ కిటికీకి తలుపులు సరిగా పడవు, వానొస్తే జల్లు బల్ల అంచుదాకా వస్తుంది. బల్ల మధ్యలో లిబరేటర్ నిలబడి ఉంది. నాలుగు ఇంజన్లు, రెండు తోక రెక్కలు, ముక్కు దగ్గర ఎక్స్‌రే ఫిల్ము అద్దాలు. మాస్టారి నాన్నగారు యుద్ధం రోజుల్లో నిజాంపట్నం రేవు మీదుగా సముద్రం వైపు వెళ్తున్న ఇలాంటి విమానాన్ని చూశారట. ఆ శబ్దానికి ఎండు చేపల పందిళ్ళు వణికాయని కొడుక్కి చెప్పేవారట. ఆ ఒక్క విమానం కట్టాలనే ఇన్ని విమానాలు కట్టాను అనేవారు మాస్టారు. అది పూర్తయింది. ఎంత బాగుందంటే, చంద్రికకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి భూతద్దం పెట్టింది.

కుడి రెక్క చూసింది. ఎడమ రెక్క చూసింది. రెండింటి మీదా పెచ్చుల అంచులు బ్లేడుతో కోసినట్టు పదునుగా ఉన్నాయి. రెండూ ఒకే ఎండలో పుట్టినట్టున్నాయి. అక్కడే ఆమె ఆగిపోయింది.

బల్ల చివర పింగాణీ సాసరొకటుంది. అందులో నీళ్ళు.

"బ్రష్షులు కడిగిన నీళ్ళు," అన్నాడు వెనకే వచ్చిన జయకృష్ణ.

చంద్రిక వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. జయకృష్ణ ముఖం చిట్లించాడు. ఆమె కిందికి దిగి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కనున్న ఉప్పు జాడీ మూత తీసింది. లోపల ఉప్పు సగం కరిగి, జాడీ అడుగున నీరు నిలిచి ఉంది. వానాకాలం సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అంతే. ఆ జాడీ మూత పట్టుకుని నిలబడితే, ఎప్పటిదో ఒక శ్రావణమాసం కళ్ళ ముందుకొచ్చింది.

ఆ రోజు మాస్టారు ఊళ్ళో లేరు. వద్దన్నా వినకుండా తనూ శ్రీవత్సా వానలో ఉప్పు చల్లారు. ఆరదే. ఎంతసేపు ఊదినా ఆరదు. రవ్వలు చెమర్చి, నీరై, ఒకదాంట్లోకి ఒకటి పాకిపోయాయి. ఆ తడి మీదే పచ్చరంగు కొట్టేసరికి, రెక్క గజ్జి పట్టిన కుక్కలా తయారైంది. మాస్టారొచ్చి చూసి తిట్టలేదు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. ఉప్పుకి కూడా వాతావరణం తెలుసు, మీకే తెలీదర్రా అన్నారు. ఆ వేళ ఇద్దరికీ చెరో పెసరట్టు ఎక్కువ పెట్టించారు కూడా.

పదేళ్ళుగా ఎ.సి. గదిలో కూర్చున్నవాడు ఆ సంగతి మరిచిపోయాడు. ఇది తెలిసినందుకు సంతోషించాలో, ఏడవాలో చంద్రికకి తెలియలేదు.

"సి.ఐ. గారూ, మీ శ్రీవత్స గారు అబద్ధం చెబుతున్నారు," అంది పైకొచ్చి.

"మొదలెట్టారా."

"సాసర్లో ఉన్నది బ్రష్షుల నీళ్ళు కాదు, ఉప్పు. పని జరిగినట్టు కనపడాలని పెట్టి వెళ్ళాడు, అది కాస్తా కరిగింది. మంగళవారం ఈ గదిలో ఉప్పు ఆరదు. ఆరకుండా రంగు కొడితే అంచులు చెదిరిపోతాయి. ఈ రెక్క చూడండి, ఎంత పొడిగా వచ్చిందో. ఇది ఇక్కడ చేసిన రెక్క కాదు, బాపట్లలో ఎ.సి.లో చేసింది. మాస్టారిచ్చిన మచ్చు రెక్క. రెక్కలు ఇత్తడి కడ్డీ మీద బిగుస్తాయి, లాగితే వస్తాయి. పాతది తీసి ఇది తొడిగాడు."

జయకృష్ణ నవ్వాడు. "ఉప్పు చూసి ముద్దాయిని మార్చమంటారు. కోర్టులో జాడీ పెట్టి వాదించమంటారా?"

"నవ్వండి. కానీ ఒకటి ఆలోచించండి. పూర్తి చేసిన రెక్క సంచీలో పెట్టుకుని వచ్చాడంటే, కోపంలో కొట్టలేదు. కొట్టాలనే వచ్చాడు. వచ్చిన కాసేపటికే పని కానిచ్చి, మాస్టారు నాలుగింటి దాకా బాగున్నారని మీకు చూపించడానికి ఆ కారుని అక్కడే ఉంచాడు. నేరం తులసి మీదికి పోయేట్టు ఆ అరగంట వదిలి వెళ్ళాడు."

తులసి మెట్ల దగ్గర నిలబడి వింటోంది. జయకృష్ణ ఆమె వంక చూశాడు, విమానం వంక చూశాడు. మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. అయితే చంద్రిక ముందు తగ్గడం అతనికి ఉరితాడు.

"దీనికింత రాద్ధాంతమెందుకు? పని తెలిసినవాణ్ణే అడుగుదాం," అన్నాడు. చంద్రిక వద్దనేలోగా శ్రీవత్సకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. వానలో ఉప్పు ఆరుతుందా అని అడిగేశాడు.

అటు పక్క అదే నిదానమైన గొంతు. "మామూలుగా ఆరదు సార్. అందుకే హెయిర్ డ్రయ్యరు పెట్టి ఆరబెట్టాం. మాస్టారిదే, ఆ అలమరలో ఉంటుంది చూడండి."

అలమర తీస్తే డ్రయ్యరు ఉంది. జయకృష్ణ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎలా ఉంది అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఇక్కడ చంద్రిక చేసిన తప్పు ఆమె వృత్తిలో ఎవరూ చెయ్యనిది. ఆమెకి ఎదురుగా ఉన్నది ముద్దాయి కాదు. బల్లకి అటు పక్క కూర్చుని, రెక్క పాడుచేసి, నేను కాదు మాస్టారూ అని బుకాయించే పదేళ్ళ కుర్రాడు. అప్పుడెలా అనేదో అలాగే, ఆలోచించకుండా నోరుజారింది.

"ఒరేయ్ వత్సా, ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటే లేదు కదరా."

అన్నాక గాని తెలియలేదు ఏమన్నదో. జయకృష్ణ చేతిలో డ్రయ్యరు అలాగే ఉండిపోయింది. కరెంటు లేదన్న ముక్క తులసి వాంగ్మూలంలో అతను తన చేత్తోనే రాసుకున్నాడు. అతని ముఖంలో రంగు మారింది. పెదవులు కదిపి, చప్పుడు లేకుండా ఏదో అన్నాడు. చంద్రికకి అర్థమైంది: ముద్దాయి దొరికిందని, ఆసుపత్రిలో కాపలా ఉన్న కానిస్టేబుల్ని మధ్యాహ్నమే వెనక్కి పిలిపించాడు.

ఫోను కట్ కాలేదు. అటు పక్క శ్రీవత్స ఊపిరి వినపడుతోంది. ఆ వెనకాల, మంచం పక్క యంత్రం నెమ్మదిగా కూస్తోంది. ఇంకా వెనకనుంచి సావిత్రి గొంతు, ఎన్నాళ్ళకో తేలికపడ్డ గొంతు.

"నాయనా, మాస్టారు కళ్ళు తెరిచారు. నిన్నే చూస్తున్నారు. కాస్త దగ్గర కూచో, నేను డాక్టరుగార్ని పిలుచుకొస్తాను."

"వద్దు పిన్నీ, ఆగు," అని చంద్రిక ఫోనులోకి అరిచింది. స్పీకరు ఈ పక్కనే ఉంది గాని ఆ పక్క లేదు.

"అలాగే పిన్నీ, వెళ్ళిరండి," అన్నాడు శ్రీవత్స ఎంతో మెత్తగా. "తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి. నేనున్నాగా."